అణుబాంబుకు చరిత్ర రాసే కొలువు

1974 మే 18 బుద్ధ పూర్ణిమ కాదు. పోఖ్రాన్‌లో మన తొలి అణు పరీక్ష బుద్ధ పూర్ణిమ నాడు జరిగిందని, అందుకే దానికి బుద్ధుడి చిరునవ్వు పేరు పెట్టారని పత్రికల్లో, పోటీ పరీక్షల పుస్తకాల్లో, సభల్లో వింటూనే ఉన్నాం. ఆ ఏడాది జూన్ 4న చంద్రగ్రహణం పట్టింది. చంద్రగ్రహణం అంటే ఆ రోజు పౌర్ణమి. అక్కడి నుంచి ఒక చాంద్రమాసం వెనక్కి వెళితే వైశాఖ పూర్ణిమ మే 6న పడుతుంది. మే 18 నాటికి బహుళ పక్షం చివరికొచ్చింది, అమావాస్యకు మూడు నాలుగు రోజులే ఉంది. రెండోసారి పరీక్షలు మొదలుపెట్టిన 1998 మే 11 మాత్రం నిజంగానే బుద్ధ పూర్ణిమ. దాంతో అయోమయం ఇంకాస్త ముదిరింది. ఆనంద నామ సంవత్సరపు పంచాంగం ఒకటి దొరికితే పది నిమిషాల్లో తేలిపోయే విషయం ఇది.

అణ్వాయుధాల చరిత్రకారుడు అనగానే రహస్య పత్రాలను వెలికితీసి బాంబు గుట్టు రట్టుచేసే మనిషి ఊహకు వస్తాడు. అసలు పని అంత రంజుగా ఉండదు. అందరూ నమ్మిన వాక్యం ఒకటి పట్టుకుని, దాన్ని మొదట ఎవరు అన్నారు, ఎప్పుడు అన్నారు, అన్న మనిషికి ఆ సంగతి తెలిసే వీలుందా అని కూపీ లాగడమే ఎక్కువ. ఈ రంగంలో పేరు తెచ్చుకున్నవాళ్లు చాలామంది అలాంటి చప్పటి పనిని ఏళ్ల తరబడి చేసినవాళ్లే. అయితే చరిత్రకారుడికి ఎంత ఓపిక ఉన్నా సరిపోదు. ప్రభుత్వం కాగితాలను భద్రపరచాలి, ఏదో ఒకనాటికి బయటికి ఇవ్వాలి. ఇవ్వని దేశంలో ఈ వృత్తి దేనిమీద నిలబడుతుంది? క్షిపణి ప్రయోగశాల నుంచి యురేనియం అన్వేషణ సంస్థ దాకా అన్నీ ఉన్న హైదరాబాద్‌లో ఈ ప్రశ్న వేరే ఏ ఊళ్లో కంటే ఎక్కువగా వినిపించాలి. వినిపించదు. ఇక్కడ అణు ఇంజనీర్లు వీధికొకరు దొరుకుతారు, వాళ్ల పనికి చరిత్ర రాసేవాళ్లు అరుదు.

ఈ కొలువు ఎలా పుట్టిందో చూడాలంటే మార్గరెట్ గౌయింగ్ జీవితం మంచి ఉదాహరణ. ఆమె చదువుకున్నది లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో, భౌతికశాస్త్రం కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్ కేబినెట్ కార్యాలయంలో యుద్ధకాలపు ఆర్థిక వ్యవస్థ మీద అధికారిక చరిత్రలు రాసే బృందంలో చేరారు. సరుకుల కొరత, కార్మికుల కేటాయింపు, మంత్రిత్వ శాఖల మధ్య కీచులాటలు అక్కడి సబ్జెక్టు. 1959లో బ్రిటన్ అణుశక్తి సంస్థ ఆమెను చరిత్రకారిణిగా నియమించింది. యుద్ధకాలపు అణు ప్రయత్నాల మీద ఆమె గ్రంథం 1964లో, ఆ తర్వాతి కాలం మీద రెండు సంపుటాలు 1974లో వచ్చాయి. 1973లో ఆక్స్‌ఫర్డ్‌లో విజ్ఞానశాస్త్ర చరిత్రకు తొలి ఆచార్యురాలయ్యారు.

ఆమె రాతలో ఎక్కువమందికి గుర్తుండిపోయింది బాంబు ఎలా పేలుతుందన్నది కాదు, దాన్ని తయారుచేయాలని ఎవరు నిర్ణయించారన్నది. 1947 జనవరిలో ప్రధాని అట్లీ పూర్తి మంత్రివర్గాన్ని పక్కనపెట్టి కొద్దిమంది మంత్రులతో ఒక కమిటీ వేశారు. దాని పేరు జెన్ 163. ఖర్చు గురించి అంతకుముందు అడ్డుచెప్పిన ఆర్థికమంత్రి డాల్టన్‌కు, వాణిజ్యశాఖ చూస్తున్న క్రిప్స్‌కు అందులో చోటు లేదు. బాంబు చేద్దామని అక్కడ తేల్చేశారు. పార్లమెంటుకు ఆ ముక్క 1948 మేలో, ఒక సభ్యుడి ప్రశ్నకు జవాబుగా, ఎవరూ పెద్దగా పట్టించుకోని తీరులో చెప్పారు. ఎవరిని పిలిచారు, ఎవరిని పిలవలేదు అన్న హాజరు పట్టీలోనే రాజకీయం ఉందని గ్రహించడానికి అణుశాస్త్రం అక్కర్లేదు. యుద్ధకాలపు మంత్రిత్వ శాఖల కాగితాల్లో దాదాపు పదిహేనేళ్లు మునిగితేలిన అనుభవం కావాలి. ఫిజిక్స్ రానివాళ్లు ఈ జోలికి రాకూడదనే మాట మన దగ్గర తరచు వినిపిస్తుంది. గౌయింగ్ ఉదాహరణ దానికి సరైన జవాబు.

అమెరికాలో అదే పని రిచర్డ్ హ్యూలెట్ చేశారు. 1957లో అక్కడి అణుశక్తి కమిషన్‌కు చరిత్రకారుడిగా వెళ్లి, తొలి సంపుటాన్ని సహరచయితతో కలిసి 1962లో తెచ్చారు. ఇద్దరికీ లోపలి దస్త్రాలు చూసే భద్రతా అనుమతి ఉంది. ఆ అనుమతితోపాటు ఒక షరతు కూడా వస్తుంది: రాసిన ప్రతి పేజీ అచ్చుకు ముందు ప్రభుత్వం కంటపడాలి. చూడనిచ్చినదంతా చెప్పనివ్వరు. తర్వాతి తరంలో అలెక్స్ వెల్లర్‌స్టీన్ లాంటివాళ్లు ఆ అనుమతి వద్దనే అనుకున్నారు. హార్వర్డ్‌లో డాక్టరేట్ చేసి, 2014 నుంచి న్యూజెర్సీలోని స్టీవెన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెబుతున్న ఆయన పరిశోధన ప్రధానంగా అమెరికా అణు రహస్య వ్యవస్థ మీదే. లోపలికి వెళితే ఎక్కువ తెలుస్తుంది, బయట ఉంటే ఎక్కువ చెప్పవచ్చు. ఈ వృత్తిలోకి వచ్చే ప్రతివాళ్లూ ఏదో ఒక దశలో ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోక తప్పదు. రెండోదే మేలని చరిత్ర రుజువు చేసిందని చెప్పలేం. గౌయింగ్ లోపలికి వెళ్లకపోతే జెన్ 163 సంగతి అంత వివరంగా అప్పుడే బయటపడేది కాదు.

బయట ఉండేవాళ్ల ప్రధాన ఆయుధం సమాచార చట్టం. అమెరికాలో 1966లో వచ్చిన చట్టం కింద పాత పత్రం కావాలని అడిగితే, చాలా సందర్భాల్లో సగం పేజీ నల్లగా పూసి ఇస్తారు. ఇక్కడే అసలు చాకచక్యం. ఒకే పత్రాన్ని వేర్వేరు ఏళ్లలో, వేర్వేరు కార్యాలయాలు పరిశీలించి విడుదల చేస్తుంటాయి. ఒక అధికారి దాచిన వాక్యాన్ని ఇంకో అధికారి వదిలేస్తాడు. రెండు ప్రతులను పక్కపక్కన పెట్టుకుంటే ఒకదాని నలుపు మరోదానిలో అక్షరాలుగా కనిపిస్తుంది. పూర్తిగా కనబడకపోయినా, నలుపు ఎంత పొడవుందో, దానికి ముందూ వెనకా ఏ పదాలున్నాయో చూసి అక్కడ అంకె ఉందా, ఊరి పేరుందా, మనిషి పేరుందా అని అంచనా కట్టవచ్చు. ఏది దాచారన్నదే ఒక సమాచారం. ఎందుకు దాచారన్నది ఇంకా పెద్ద సమాచారం. ఎక్కువసార్లు అందులో బాంబు గుట్టు ఉండదు, ఎవరిదో పరువు ఉంటుంది.

ఈ రంగంలో డిగ్రీలే సర్వస్వం కాదని చెప్పడానికి జాన్ కోస్టర్-మలెన్ ఒక్కడు చాలు. విస్కాన్సిన్‌లో ట్రక్కు డ్రైవర్. అంతకుముందు ఫొటోగ్రాఫర్. 1990లలో హిరోషిమా బాంబు చిన్న నమూనాలు చేసి అమ్ముదామని మొదలుపెట్టి, కొలతలు సరిగ్గా ఉండాలన్న పట్టుదలతో పాత ఫొటోలు, మ్యూజియంలలోని బాంబు పెంకులు, ఆనాటి పనివాళ్ల జ్ఞాపకాలు పోగుచేశాడు. ఆ బాంబులో ఒక యురేనియం ముక్క తుపాకీ గుండులా వెళ్లి ఇంకో ముక్కను తాకుతుందని అందరికీ తెలుసు. వాటిలో కదిలింది ఏది, బోలుగా ఉన్నది ఏది అన్న విషయంలో దశాబ్దాలుగా పుస్తకాలన్నీ తలకిందులుగా రాశాయని అతడు తేల్చాడు. పండితులు ఒకరి నుంచి ఒకరు ఎత్తిరాసుకుంటూ వచ్చారు, అతడు టేపు పట్టుకుని కొలిచాడు. చివరికి ఆ పండితులే అతడి లెక్కను ఒప్పుకున్నారు. ఇలాంటివాళ్లు ఉండటం ఈ రంగానికి అదృష్టం. అలాగని ఇది జీతమిచ్చే దారి కాదు. అతడి పుస్తకం సొంత ఖర్చుతో అచ్చువేసుకున్నదే.

ఆ మాటకొస్తే ప్రపంచంలో మొదటి అణు పరీక్ష శక్తి ఎంతన్నది కూడా స్థిరంగా లేదు. 1945 జులై 16 నాటి ట్రినిటీ పేలుడును చాలాకాలం 21 కిలోటన్నులని (కిలోటన్ను అంటే వెయ్యి టన్నుల టీఎన్‌టీ పేలుడు శక్తి) రాశారు. 2021లో అమెరికా అణ్వాయుధ ప్రయోగశాల లాస్ అలమోస్ పరిశోధకులు మళ్లీ లెక్కకట్టి 24.8 అన్నారు, అటూ ఇటూ 2 తేడాతో. మన 1998 పరీక్షల సంగతి ఇంకా పెద్ద చిక్కుముడి. హైడ్రోజన్ బాంబు పరీక్ష 45 కిలోటన్నులు ఇచ్చిందని అధికారిక ప్రకటన. ఆ పరీక్షల్లో డీఆర్‌డీవో తరఫున కీలకంగా ఉన్న కె. సంతానం 2009లో అది అనుకున్న ఫలితం ఇవ్వలేదన్నారు. ప్రభుత్వం కాదంది. భూకంపాలను నమోదుచేసే కేంద్రాల లెక్కలు విదేశీ పత్రికల్లో ఉన్నాయి, మన కొలతల పూర్తి వివరాలు మన దగ్గరే మూసి ఉన్నాయి. ఈ తగువు తీర్చాల్సింది చరిత్రకారుడే, కానీ అతడి చేతిలో కాగితం లేదు.

వెల్లర్‌స్టీన్ పేరు సామాన్యులకు తెలిసింది మాత్రం గ్రంథాల వల్ల కాదు, 2012లో ఆయన తయారుచేసిన న్యూక్‌మ్యాప్ వల్ల. పటం మీద ఏ ఊరైనా పెట్టి, ఏ బాంబైనా ఎంచుకుంటే దెబ్బ ఎంతవరకు వస్తుందో వలయాలుగా చూపిస్తుంది. లెక్కలు కొత్తవి కావు, 1977లో అమెరికా ప్రభుత్వమే అచ్చువేసిన అణ్వాయుధ ప్రభావాల గ్రంథంలోవి. చార్మినార్ మీద హిరోషిమా స్థాయి బాంబు, అంటే 15 కిలోటన్నులు, గాలిలో పేలినట్టు పెడితే ఇళ్లు కూలే ఒత్తిడి వలయం దాదాపు 1.7 కిలోమీటర్లు వెళుతుంది. మదీనా సెంటర్, సాలార్‌జంగ్ మ్యూజియం, మూసీ వంతెనలు దాటి అఫ్జల్‌గంజ్ కేంద్ర గ్రంథాలయం దాకా అందులోనే. హైటెక్ సిటీకి అద్దాలు కూడా పగలకపోవచ్చు. జూబ్లీహిల్స్ వాసులకు ఇది ఊరట కాదు, ఇప్పటి బాంబులు అంతకు ఎన్నో రెట్లు పెద్దవి. పైగా ఈ వలయాల వెనక ఇంకో చరిత్ర ఉంది. అమెరికా యుద్ధ ప్రణాళికలు దశాబ్దాల పాటు పేలుడు ఒత్తిడినే లెక్కపెట్టాయి, తర్వాత చుట్టుముట్టే మంటలను లెక్కలోకి తీసుకోలేదని స్టాన్‌ఫర్డ్ పరిశోధకురాలు లిన్ ఈడెన్ 2004లో నిరూపించారు. మంటలు అంతకంటే ఎక్కువ దూరం కాల్చగలవు. కొలవడం తెలియని దాన్ని లేనట్టే వదిలేయడం ఆ కార్యాలయాల అలవాటుగా మారింది.

ఇక మన దేశం. రాజ్యాంగ సభలో 1948 ఏప్రిల్‌లో అణుశక్తి బిల్లు చర్చకు వచ్చినప్పుడు ఎస్.వి. కృష్ణమూర్తిరావు అనే సభ్యుడు ఒక సూటి ప్రశ్న వేశారు. బ్రిటన్ చట్టంలో రహస్యం రక్షణ పరిశోధనకే పరిమితం కాగా, ఇక్కడ అన్నిటికీ ఎందుకని. శాంతి ప్రయోజనాన్ని, రక్షణ ప్రయోజనాన్ని ఎలా విడదీయాలో తనకు తెలియదని నెహ్రూ ఒప్పుకున్నారు. ఆ నిజాయితీ మెచ్చుకోదగ్గదే. దాని ఫలితం మాత్రం ఇప్పటికీ అనుభవిస్తున్నాం. 1962 చట్టం ఆ గోప్యతను ఇంకా బిగించింది. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఉండనే ఉంది. 2005 సమాచార హక్కు చట్టంలో అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలు మినహా డీఆర్‌డీవోకు జవాబు చెప్పే బాధ్యత లేదు. పాతికేళ్లు దాటిన దస్త్రాలు జాతీయ ఆర్కైవ్స్‌కు వెళ్లాలని నియమం ఉన్నా, అణు శాఖ నుంచి చేరినవి స్వల్పమే. దాంతో భారత బాంబు చరిత్ర రాసేవాళ్లు విదేశాల జాతీయ ఆర్కైవ్స్ కోసం లండన్ శివారులోని క్యూ అనే ఊరికి, కెనడాలో ఒటావాకు, అమెరికాలో కాలేజ్ పార్కుకు వీసాలు తీసుకుని వెళుతున్నారు. 1974 పరీక్షకు ప్లుటోనియం ఇచ్చిన సైరస్ రియాక్టర్ కెనడా సాయంతో కట్టింది, దాని భారజలం అమెరికాది. కాబట్టి ఆ కాగితాలు అక్కడ ఉన్నాయి. మన ప్రధాని ఏమనుకున్నారన్నది విదేశీ రాయబారి తన రాజధానికి పంపిన టెలిగ్రాం చదివి తెలుసుకోవాల్సి వస్తోంది. అది ఒక పక్కనుంచి చూసిన బొమ్మే అవుతుంది.

ఈ మూసిన గదికి హైదరాబాద్‌లో చాలా కిటికీలున్నాయి. 1960ల తొలినాళ్లలో రక్షణ పరిశోధన ప్రయోగశాల ఇక్కడికి వచ్చింది. ఉస్మానియా మాజీ వైస్ ఛాన్సలర్ సూరి భగవంతం అప్పుడు రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారు. 1967లో అణు శాఖ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్, 1971లో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ మొదలయ్యాయి. పశ్చిమగోదావరి నుంచి వెళ్లి స్టాన్‌ఫర్డ్‌లో చదివి, ముంబైలోని ట్రాంబే అణు పరిశోధన కేంద్రంలో హోమీ భాభాతో పనిచేసిన అయ్యగారి సాంబశివరావు ఈసీఐఎల్‌ను నిలబెట్టారు. ఏఎస్ రావు నగర్‌కు ఆయన పేరే. బేగంపేటలో ఉన్న అణు ఖనిజాల డైరెక్టరేట్ దేశమంతటా యురేనియం వెతుకుతుంది. నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఫ్యూయల్ కాంప్లెక్స్ చేసేది విద్యుత్ రియాక్టర్ల ఇంధనం, అది బాంబు కర్మాగారం కాదు. నెహ్రూ విడదీయలేనన్న రెండింటినీ చరిత్రకారుడు కాగితం కాగితంగా విడదీసి చూడాలి. అన్నిటినీ బాంబుకు అంటగట్టినా తప్పే, ఏదీ సంబంధం లేదన్నా తప్పే. బాంబు ట్రాంబేది. దాన్ని మోసే అగ్ని క్షిపణి ఇక్కడి రక్షణ ప్రయోగశాలలున్న కంచన్‌బాగ్‌లో రూపుదిద్దుకుంది, తొలిసారి 1989 మే 22న ఎగిరింది.

కారణాల విషయంలోనూ ఈ ఊరు మంచి పాఠం చెబుతుంది. 1974 మే 8న మొదలైన రైల్వే సమ్మె మధ్యలోనే పోఖ్రాన్ పేలుడు జరిగింది. దక్షిణ మధ్య రైల్వే కేంద్రమైన సికింద్రాబాద్‌లో ఆ వారం దినపత్రిక తెరిచినవాళ్లు రెండు వార్తలూ కలిపే చదివి ఉంటారు. సమ్మె నుంచి జనం దృష్టి మళ్లించడానికే ఇందిరాగాంధీ బాంబు పేల్చారనే మాట అప్పుడే పుట్టింది, ఇంకా బతికే ఉంది. అయితే శాస్త్రవేత్తలకు ఆమె పచ్చజెండా ఊపింది 1972లో. బావి తవ్వడం, ప్లుటోనియం సిద్ధం చేయడం నెలలు, ఏళ్ల పని. సమ్మె కోసం బాంబు పుట్టలేదు. అన్నీ సిద్ధమయ్యాక ఆ రోజునే ఎందుకు పేల్చారన్నది వేరే ప్రశ్న, దానికి సమ్మెను పూర్తిగా తోసిపుచ్చలేం. ఈ రెండు ప్రశ్నలనూ కలిపేస్తే గొప్ప ఉపన్యాసం వస్తుంది, చరిత్ర రాదు. ‘శాంతియుత పేలుడు’ అని అప్పట్లో చెప్పిన దాన్ని, ఆ పరీక్షకు సారథ్యం వహించిన రాజా రామన్న 1997లో బాంబేనని ఒప్పేసుకున్నారు. కాగితాలు నోరు విప్పకముందే మనుషులు విప్పుతారు, ఒక్కోసారి ఇరవై మూడేళ్లకు.

మనుషుల మాటను ఎంతవరకు నమ్మాలన్నదానికి పీవీ నరసింహారావు ఉదంతం గట్టి పరీక్ష. 1995 డిసెంబరులో పోఖ్రాన్‌లో సన్నాహాలు అమెరికా ఉపగ్రహాల కంటపడ్డాయి, న్యూయార్క్ టైమ్స్ రాసింది, పరీక్ష జరగలేదు. ఒత్తిడికి లొంగారా, ఆర్థిక ఆంక్షల లెక్క వేసుకున్నారా, శాస్త్రవేత్తలకు ఇంకొంత సమయం కావాలనుకున్నారా? పీవీ బహిరంగంగా నోరు మెదపలేదు. 2004 డిసెంబరు 23న ఆయన కన్నుమూశాక వాజపేయి ముందుకొచ్చి, 1996లో అధికారం అప్పగిస్తూ అంతా సిద్ధంగా ఉందని పీవీ తనకు చెప్పారని వెల్లడించారు. చెప్పింది చిన్నమనిషి కాదు, తన ఘనతలో వాటా వదులుకుని చెప్పిన మాట కాబట్టి బరువు ఎక్కువే. కానీ అది నివాళి సందర్భం, ఆ మాట అన్న పీవీ అప్పటికే లేరు. పీవీ వ్యక్తిగత పత్రాల ఆధారంగా 2016లో వచ్చిన జీవితచరిత్రతో కొన్ని చిక్కులు విడ్డాయి, కొన్ని అలాగే ఉన్నాయి. ఒక ఇంట్లో భద్రంగా ఉన్న పెట్టెలు ప్రభుత్వ ఆర్కైవ్స్ చేయలేని పని చేశాయన్నది ఇక్కడ గమనించాలి.

అలాంటి పెట్టెలు కాప్రా, సైనిక్‌పురి, కుషాయిగూడ ఇళ్లల్లో ఎన్ని ఉన్నాయో ఎవరూ లెక్కపెట్టలేదు. 1970లలో ఆ పక్కనే ఉన్న ఈసీఐఎల్, ఫ్యూయల్ కాంప్లెక్స్‌లలో ఉద్యోగంలో చేరినవాళ్లు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్లవాళ్లు. వాళ్లను రహస్యాలు అడగడం చట్టరీత్యా ప్రమాదం, పైగా తెలివితక్కువ పని. అనుభవమున్న పరిశోధకుడు షిఫ్టులు ఎలా ఉండేవని అడుగుతాడు. విదేశాలు యంత్రం ఇవ్వనన్నప్పుడు ఆ విడిభాగం బాలానగర్‌లో ఎవరు చేసిపెట్టారని, మేడే నాడు ఏ సంఘం జెండా ఎగిరేదని, రేడియేషన్ బ్యాడ్జీని ఇంటికి తెచ్చేవారా అని అడుగుతాడు. వీటికి జవాబు చెప్పడానికి ఎవరికీ భయం ఉండదు. పది మంది చెప్పింది కలిపితే, ఏ దస్త్రంలోనూ లేని చరిత్ర వస్తుంది. తెలుగు రాని పరిశోధకుడికి ఇది దొరకదు. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి ఇంగ్లీషులో నాలుగు మర్యాద మాటలు చెప్పి పంపుతారు.

బతుకుతెరువుగా చూస్తే దారి ఇరుకే. విజ్ఞానశాస్త్ర చరిత్రను ప్రత్యేక విభాగంగా నడిపే విశ్వవిద్యాలయాలు మన దగ్గర చాలా తక్కువ. చరిత్ర శాఖలో చేరితే ఫిజిక్స్ ఎందుకంటారు, ఫిజిక్స్ శాఖలో చరిత్ర ఎందుకంటారు. డాక్టరేట్‌కు ఐదారేళ్లు, విదేశీ ఆర్కైవ్స్‌కు డబ్బు, ఆపైన ఐఐటీల మానవీయ శాస్త్రాల విభాగాల్లోనో, విధాన పరిశోధన సంస్థల్లోనో కొద్దిపాటి ఖాళీలు. విధాన సంస్థలో చేరితే వచ్చే ఏడాది ఏం జరుగుతుందో చెప్పమంటారు, యాభై ఏళ్ల క్రితం ఏం జరిగిందో రాయడానికి తీరిక ఉండదు. జాహ్నవి ఫాల్కే లాంటి చరిత్రకారులు మన అణు భౌతికశాస్త్రపు తొలినాళ్లను, బాంబు గొడవను పక్కనపెట్టి, ప్రయోగశాలల స్థాయిలో రాసి చూపించారు. అలా రాయవచ్చని తేలింది కాబట్టి దారి ఇరుకైనా మూసుకుపోలేదు.

హైదరాబాద్‌లో మొదలుపెట్టే యువ పరిశోధకులు అణు శాఖ తలుపు తట్టకముందే చేయగల పని చాలా ఉంది. కేంద్ర సంస్థ ఏది వచ్చినా దానికి భూమి, నీళ్లు, కరెంటు, రోడ్డు రాష్ట్ర ప్రభుత్వమే చూపించాలి. భూసేకరణ నోటీసు, పరిహారం తగువు, మంజీరా నీటి కేటాయింపు, బస్సు రూటు, ఇవన్నీ రెవెన్యూ, మున్సిపల్, ఆర్టీసీ కాగితాలు. అణుచట్టపు ముద్ర వాటిమీద ఉండాల్సిన అవసరం లేదు. పట్టించుకోవాల్సిన చిక్కు ఒకటే. ఈసీఐఎల్, ఫ్యూయల్ కాంప్లెక్స్ ఉన్న మౌలాలి, కుషాయిగూడ ప్రాంతం అప్పట్లో హైదరాబాద్ జిల్లాలో ఉండేది, 1978లో రంగారెడ్డి జిల్లా పుట్టాక అటు వెళ్లింది, 2016లో మేడ్చల్-మల్కాజిగిరిలో కలిసింది. జిల్లా మారినప్పుడల్లా దస్త్రాలు కొన్ని వెంట వెళతాయి, కొన్ని పాత కలెక్టరేట్‌లోనే ఆగిపోతాయి, కొన్ని తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు చేరతాయి. కాబట్టి మొదటి దరఖాస్తు మూడు కలెక్టరేట్లకూ ఒకేసారి పెట్టాలి, పాత గ్రామాల పేర్లతో, సర్వే నంబర్లతో సహా.